దివిసీమ గ్రామనామములు - నేల చెప్పిన చరిత్రము



చరిత్రమనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు, శాసనములు జ్ఞప్తికి వచ్చును. నేనును ముప్పదేండ్లకు పైగా బడిలో తెలుగు పాఠములు చెప్పుచు చరిత్రను ఆ మార్గముననే తలపోసితిని. నేడు నేను చెప్పబూనినది రాజులేని చరిత్రము. దాని శాసనములు రాతిమీద చెక్కబడలేదు, ఊళ్ళపేర్లలో దాగియున్నవి. ఆ ఊళ్ళు కృష్ణానది సముద్రములో కలియుచోట దివిసీమయందున్నవి. ఆ పేర్లను సరిగా చదువనేర్చినచో, ఆ దీవి యెట్లు పుట్టినదో, దేనివలన నిలిచినదో, దేనిని పోగొట్టుకొనుచున్నదో తెలియవచ్చును. చదువనేరక నేను చేసిన తప్పొకటి కలదు. దానినిగూడ దాచక మనవిచేసెదను.

మొదట ద్వీపమను మాటనే చూతము. ‘ద్వి’ యనగా రెండు. ‘అప్’ అనగా నీరు. ఈ రెండును కూడినప్పుడు ‘అప్’లోని అకారము ఈకారమగునని చెప్పుటకై పాణిని యొక సూత్రమునే చేసెను. కావున రెండుప్రక్కల నీరుగలది ద్వీపము. చిన్ననాట ఈ సూత్రమును కంఠస్థము చేసితినేగాని, నీటినిగాని నేలనుగాని చూచి దాని యర్థమును గ్రహించినవాడనుకాను. పిదప నొకనాడు పులిగడ్డయొద్ద ఏటిగట్టున నిలిచి చూచితిని. కృష్ణ విజయవాడను దాటి సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి అచట రెండుగా చీలుచున్నది. ఎడమపాయ హంసలదీవివైపునకు పోవును. కుడిపాయ పెద్దది, అది దక్షిణముగా సాగి, సముద్రము దరిచేరి, మరల పాయలుగా విడిపోవును. ఈ రెండు పాయలకును బంగాళాఖాతమునకును నడుమనున్న నేలయే అసలు దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలములు దానిలోనివి. రెండువైపుల నీరు, మూడవవైపున కడలి! ద్వీపమను తత్సమము తెలుగునోట దీవియై, దివియై నిలిచినది. సూత్రమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము నాకు మఱెచ్చటను కనబడలేదు.

ఈ నేల కొండలవలె ఆదినుండి యున్నది కాదు. కృష్ణ సహ్యాద్రులయందు పుట్టి, నల్లరేగడి భూములను కడుగుకొనుచు, ఒండుమట్టిని మోసికొనివచ్చును. కడలి దరికి వచ్చుసరికి ప్రవాహము మందగించును. మందగించినచోట మట్టి దిగును. సముద్రపుటల ఇసుకను తిరుగనెట్టి దానిచుట్టు కట్టగట్టును. ఇట్లు నది పెట్టిన మట్టియు, కడలి పెట్టిన ఇసుకయు కూడి, వేలయేండ్లలో ఈ డెల్టా తయారైనది. అమరసింహుడు తన నిఘంటువున నీటినుండి లేచిన నేలకు పులినమనియు, ఇసుకమయమైనదానికి సైకతమనియు వేఱువేఱు పేర్లు పెట్టెను. మనము రెండింటిని ‘ఇసుకతిన్నె’ యని యొక్కమాటతో దాటవేసితిమి. దివిసీమవారు మాత్రము దాటవేయలేదు. వారు అమరునికంటెను సూక్ష్మముగా పేర్లు పెట్టిరి. ఆ సంగతి ముందు చెప్పెదను.

నేల ముందునకు పెరిగినదనుటకు చరిత్రలోను సాక్ష్యము కలదు. రెండవ శతాబ్దివాడైన గ్రీకు భూగోళకర్త టాలెమీ, మైసోలియా దేశమున కొంటకోసిల అను వర్తకపు రేవును పేర్కొనెను. అది నేటి ఘంటసాలయని పండితులు నిర్ణయించిరి. నాగార్జునకొండ శాసనమునను కంటకసోల యను పేరు కలదు. బౌద్ధస్తూపము వెలసిన ఆ ఘంటసాల నేడు సముద్రమునకు దూరముగా, వరిచేలనడుమ నున్నది. ఓడలు వచ్చినచోట నాగళ్ళు నడచినవి! పిదప మచిలీపట్టణము రేవై ప్రసిద్ధికెక్కెను. అచట డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో వర్తకశాలలు పెట్టిరి. 1750 ప్రాంతమున మచిలీపట్టణముతోపాటు దివియు ఫ్రెంచివారి చేతబడెను. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్టణపు కోటను గైకొనిరి. దొరలు మారిరి, దివిని చూచు చూపు మాత్రము మారలేదు. ఎన్ని పుట్ల ధాన్యము పండును, ఎంత ఉప్పు తీయవచ్చును, ఎంత శిస్తు వచ్చును అనునదే వారి లెక్క. ఆ లెక్కకు అందనిదానికి వారి పుస్తకములలో పేరులేదు. బంజరు, పోరంబోకు అనుటయే.

ప్రజల పుస్తకము వేఱు. అది ఊళ్ళపేర్లు. దివిసీమ గ్రామముల పట్టికను ఎదుట పెట్టుకొని, ఒక్కొక్కపేరున చివరిమాటను మాత్రము పట్టి చూడుడు. అవనిగడ్డ, పులిగడ్డ, నంగేగడ్డ: ఇవి గడ్డలు. నాగాయలంక లంక. తలగడదీవి, హంసలదీవి దీవులు. పాలకాయతిప్ప తిప్ప. ఈలచెట్లదిబ్బ దిబ్బ. పర్రచివర పర్ర. నాచుగుంట గుంట. ఏటిమొగ మొగ. సొర్లగొంది గొంది. గడ్డ, లంక, దీవి, తిప్ప, దిబ్బ, పర్ర, గుంట, మొగ, గొంది - తొమ్మిది మాటలు! పులిగడ్డనుండి కడలివఱకు ఈ మాటలను వరుసగా జపించుచు నడచినచో, కాలిక్రిందినేల ఎట్లు మారుచుండునో అట్లే మాటయు మారుచుండును. ఏ రాజును ఇంత నమ్మకమైన శాసనమును వేయించి యెఱుగడు.

గడ్డయు లంకయు నదిసొత్తు. వరదలో దిగిన మెత్తని ఒండుమట్టి, తీపినీటి యూట. అందుచేతనే అచట వరి, అరటి, చెఱకు పండును. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టవలన కృష్ణా డెల్టాకు కాలువలు వచ్చెను. తరువాత దివికిని సాగునీరు చేరి, ఆ గడ్డలు మాగాణులాయెను. మనవంటివారు దివిసీమ సస్యశ్యామలమని పొగడుట ఈ భాగమును చూచియే.

తిప్పయు దిబ్బయు కడలిసొత్తు. ఇసుకను అల తెచ్చును, గాలి పోగుచేయును. ఆ ఇసుకను పట్టి నిలుపునది బాలబందతీగ, రావణాసురుని మీసమను గడ్డి. మేక ముట్టని ఆ ముళ్ళగడ్డిని మనము కలుపుమొక్కగా తలతుము. అది లేనినాడు దిబ్బ నిలువదు. గాలికి లేచి చేలపై బడును. ఈ దిబ్బలలో మఱియొక వింత కలదు. వాన కురిసినప్పుడు ఆ నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిపై తేలియుండును. అందుచేత చుట్టును ఉప్పుకడలి యున్నను, దిబ్బలో చెలమ త్రవ్వినచో మంచినీరు దొరకును. పల్లెకారులు తరతరములుగా ఆ నీటినే త్రాగి బ్రతికిరి. ఇసుకను బండ్లకెత్తి తోలుకొనిపోయినవారు ఇసుకతోపాటు మంచినీటి కుండనుగూడ తోలుకొనిపోవుచున్నారని యెఱుంగరు. చలికాలపు రాత్రులలో సముద్రపు తాబేళ్ళు ఈ తీరపుటిసుకలోనికే ప్రాకివచ్చి గ్రుడ్లు పెట్టును.

పర్ర నదిదియు కాదు, కడలిదియు కాదు. అమావాస్యకు పున్నమకు వచ్చు పెద్దపోటు మాత్రమే దానిని తడిపిపోవును. తడి యారినపిమ్మట తెల్లని ఉప్పు పేరుకొనును. అందు వరి మొలవదు గాన అది వట్టిదని మనము అనుకొందుము. వలసవచ్చు పక్షులు అట్లనుకొనవు. హిమాలయములకు ఆవలినుండి వచ్చు చిన్నచిన్న ఉల్లంకులు ఆ బురదలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొని, బలిసి, వేసవికి మరల ఎగిరిపోవును. హంసలదీవి సంగమమున మునిగిన కాకి హంసయైనదని పెద్దలు కథ చెప్పుదురు. ఆ తీరమున తెల్లనిపక్షుల బారులను చూచినవానికి, కథ పుట్టుటకు కారణము వెదకవలసిన పనిలేదు.

మొగ యనగా ఏరు కడలిలో కలియు నోరు. గొంది యనగా ఇరుకైన దారి. దివి చివర గొందులు నీటివి. పోటు వచ్చినప్పుడు సముద్రపునీరు మొగలోదూరి గొందులవెంట లోనికెక్కును. పాటువేళ తిరిగి దిగిపోవును. రోజునకు రెండుసారులు ఈ నేల ఊపిరి పీల్చి వదలుచున్నట్లుండును. ఆ ఊపిరి ఆడుచోటనే మడ యుండును. మడయడవిని గూర్చియే నా తప్పు.

1985 ప్రాంతమున నేను దివిసీమలోని యొక బడిలో తెలుగు పంతులుగా చేరితిని. ఒకనాడు ద్వీపవర్ణనము చెప్పుచు, మన దీవి చివర మడలున్నవి గాని అవి పనికిమాలిన పొదలు, నేల బాగుపడవలెనన్న వానిని కొట్టి చేలు చేయవలెనని పిల్లలకు చెప్పితిని. పుస్తకములో నట్లు లేదు. నేనే చేర్చి చెప్పితిని. వెనుకబల్లపై కూర్చున్న పల్లెకారుల పిల్లవాడొకడు తలవంచుకొనెను. మఱునాడు వాని తాత బడికి వచ్చెను. కోపముతో రాలేదు. చేతులు కట్టుకొని నిలిచి, “పంతులుగారూ, ఆదివారం తీరిక చేసుకుని ఒక్కపాలి మా పడవెక్కండి” అని మాత్రము అనెను.

ఆదివారము పోటువేళకు పడవ యెక్కితిని. గొంది ఇరుప్రక్కలను మడ. ముసలివాడు తెడ్డుతో చూపుచు పేర్లు చెప్పుచుండెను: తెల్లమడ, నల్లమడ, విల్వమడ, పొన్న, తిల్ల. తిల్లపాలు కంటబడిన కన్ను మండిపోవునని నన్ను హెచ్చరించెను. మడయాకును త్రుంచి నాకమనెను. ఉప్పగా నుండెను. ఉప్పునీటిని త్రాగి, అక్కఱలేని యుప్పును ఆకుమీదుగా విసర్జించుట మడచెట్టు నేర్చిన విద్య. బురదలో గాలియాడదు గాన దాని వేళ్ళు మేకులవలె పైకిలేచి గాలిని పీల్చును. పొన్నచెట్టు గొడుగుకమ్మలవలె వేళ్ళను చుట్టును దింపి నిలిచియుండెను. దాని గింజ చెట్టుననే మొలకెత్తి, బల్లెమువలె బురదలో దిగబడును. బిడ్డ నిలువనేర్చినదాక తల్లి వదలదన్నమాట!

ముసలివాడు వేళ్ళనడుమ నీటిని చూపెను. అచట వెండ్రుకలంతటి రొయ్యపిల్లలు కదలుచుండెను. రొయ్య నడికడలిలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటుతో మొగలోనికివచ్చి, రాలిన మడయాకు కుళ్ళి తయారైన మేతను తిని, పెద్దచేపల కందక ఆ వేళ్ళనడుమ పెరిగి, మరల కడలికి పోవును. పండుగప్పయు, పీతయు ఈ నీటినే యాశ్రయించి బ్రతుకును. యానాదులు పాటువేళ బురదలో నడచి చేతులతోనే పీతలను పట్టుచుందురు. వారికి వలయు అక్కఱలేదు. పీత యే బొరియలో నున్నదో వారికి తెలియును. రాత్రివేళ నీటిపిల్లి వచ్చి అవే గట్లపై చేపలను వేటాడును. పాలిచ్చు గేదెలకు మడయాకే మేత.

తిరిగి వచ్చునప్పుడు ముసలివాడు అనెను: “పంతులుగారూ, మీకు మడి ఎట్టాగో మాకు మడ అట్టాగండీ. మీ మడికి మీరు నీరు పెట్టాల, ఎరువేయాల. మా మడకి సముద్రమే నీరు పెట్టుద్ది, ఆకే ఎరువు. మేం చేసేదల్లా దాన్ని నరక్కుండా ఉండటమేనండీ.” మడి, మడ! వ్యాకరణము చదివిన నాకు ఒక్క యచ్చు భేదముతో నున్న ఆ రెండుమాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని ఏనాడును తోచలేదు. సోమవారమునాడు తరగతిలో, మొన్న నేను చెప్పినది తప్పని పిల్లలకు చెప్పితిని. వెనుకబల్లపై పిల్లవాడు తల యెత్తెను.

మడ యిచ్చునది తిండి మాత్రమేనా? ఇచట ఉప్పెన మాట యెత్తక తప్పదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై ఉప్పెన వచ్చి, సుమారు 30,000 మంది మరణించిరని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీదనే ఉప్పెన విఱుచుకొనిపడినది. తాటిచెట్టంత అల యని చూచినవారు చెప్పిరి. అయిదారు మీటర్ల యెత్తున నీరు వచ్చినదని తరువాత నిర్ణయించిరి. ఆ తుపానున సర్కారు లెక్కచొప్పుననే సుమారు 10,000 మంది పోయిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి - నేను ఇంతకుముందు చదివిన పేర్లలోనివే - ఆనాడు పత్రికలనిండ చావులపట్టికలలో కనబడినవి.

అప్పటికి నాకు పదునేడేండ్లు. తోడి విద్యార్థులతో కలిసి బియ్యపు మూటలు మోయుటకు వచ్చితిని. ఒకచోట ఊరిపేరు వ్రాసిన రాయి నిలిచియున్నది. దాని వెనుక ఊరు లేదు. ఆ దృశ్యము నేటికిని నా కంటినుండి చెదరలేదు. ఊరు పోయినను పేరు మిగులునని ఆనాడు తెలిసికొంటిని. ఆ పేరు హెచ్చరికయని తెలియుటకు మాత్రము మఱి కొన్నియేండ్లు పట్టెను. దిబ్బయని, గొందియని, మొగయని పేరు పెట్టిన పూర్వులు, ఇది నీటిసొత్తు, నీరు తన సొత్తును అడుగుటకు వచ్చును సుమా యని చెప్పిపోయిరి.

మడ ఉప్పెనను ఆపగలదా యని మీరడుగవచ్చును. అంతటి ఉప్పెనను పూర్తిగా ఆపుట ఏ చెట్టుకును సాధ్యముకాదు. అట్లు చెప్పుట అసత్యము. కాని అల వేగమును వేళ్ళు, కొమ్మలు చీల్చి తగ్గించును. నన్ను పడవలో త్రిప్పిన ముసలివాడు దానిని తన మాటలలో చెప్పెను: “బయలు మీద నీళ్ళు గోడలాగ వచ్చినయ్యండీ. మడలోంచి మాత్రం కాళ్ళీడ్చుకుంటా వచ్చినయ్.” ఆ రెంటికిని నడుమనుండు కొద్ది నిమిషములే ఒకనికి చెట్టెక్కుటకు, ఒకతెకు బిడ్డను ఎత్తుకొనుటకు చాలును. 1999 అక్టోబరు 29న ఒరిస్సాతీరమును మహాతుపాను కొట్టినది. తరువాత కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశోధకులు లెక్కించి, కడలికిని ఊరికిని నడుమ మడ వెడల్పుగా నున్నచోట మరణములు తక్కువయని 2009లో ప్రకటించిరి. దివిసీమ ముసలివాడు చెప్పినదియు, ఒరిస్సా లెక్క చెప్పినదియు ఒక్కటియే.

ఇట్టి మడ యెట్లు తఱిగినది? ఒక్కరి పాపము కాదు. వంటచెఱకునకు కొట్టిరి. పూర్వము అటవీశాఖవారే పట్టీలుగా విభజించి మొత్తముగా నఱికించి అమ్మిరి. నఱికినచోట ఎండ నేరుగా బడి బురదనేల క్రుంగి పళ్ళెమువలె నగును. పోటునీరు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఇగిరి, ఉప్పు హెచ్చి, మరల విత్తు మొలవదు. పిదప 1990 దాటినప్పుడు రొయ్యలచెఱువుల కాలము వచ్చినది. ఎకరమున వరిమీద రానిసొమ్ము రొయ్యమీద వచ్చుననిన ఆశ పుట్టుట సహజము. పర్రలు, మడ యంచులు చెఱువులాయెను. 1994, 1995లలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెఱువులు తెల్లవారునప్పటికి చచ్చిన రొయ్యలతో నిండెను. అప్పుచేసిన రైతు దిక్కుతోచక నిలిచెను. చెఱువు పాడుపడిన తరువాత ఆ నేల మడకును పనికిరాలేదు, మడికిని పనికిరాలేదు.

ఇంకొక కారణము ఎగువనున్నది. 1967లో నాగార్జునసాగరమునుండి నీరు వదలబడినది. తరువాత శ్రీశైలము నిండినది. ఆ జలాశయములవలన మనము అన్నము తినుచున్నాము. వానిని నిందించుట కృతఘ్నత. కాని మట్టి అచటనే దిగిపోవుచున్నది. పూర్వము కడలిని చేరిన ఒండుమట్టిలో నేడు స్వల్పభాగమే దివికి చేరుచున్నది. నది పెట్టక కడలి తీసికొనుచుండగా తీరము నిలుచునా? మొగలయొద్ద పలుచోట్ల ఒడ్డు కోసికొనిపోవుచున్నది. మట్టి తఱిగిననాడు ఉన్నమట్టిని పట్టియుంచు మడవేరు మఱింత విలువైనదగును గాని తక్కువది కాదు.

నిరాశ పడవలసినంత వఱకు పోలేదు. 1989లో కృష్ణ మొగల పరిసరమున సుమారు 195 చదరపు కిలోమీటర్ల భాగమును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. 1991లో కేంద్రప్రభుత్వము సముద్రతీరపు కట్టడములకు హద్దులు విధించెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ హద్దులలోపలి రొయ్యలచెఱువులను తొలగింపుడని తీర్పు చెప్పెను. 2005లో వచ్చిన చట్టము లైసెన్సుతో చెఱువులను మరల అనుమతించినది. కావున చట్టమొక్కటే కాపాడునని నమ్మి కూర్చుండుట తగదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థయు, అటవీశాఖయు, గ్రామసంఘములును కలిసి కృష్ణా గోదావరీ ముఖములయందు చేసినపని చూడదగినది. క్రుంగిన పళ్ళెపు నేలలో చేపముల్లువలె ప్రక్కలకు చీలు కాలువలు త్రవ్విరి. పోటునీరు మరల వచ్చి పోవుటకు దారి యేర్పడినది. నిలిచిన యుప్పు కడుగుకొనిపోయినది. ఆమీదట నాటిన మడ బ్రతికినది. ముసలివాని మాట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. నీటిని సముద్రమే పెట్టును. దారిని మూయకుండుట మన పని.

పెద్దలారా, ఈ ప్రసంగమును వినువారిలో దివిసీమవారు కొందఱే యుందురు. కాని ప్రతియూరికిని తన నేలను చెప్పు పేర్లుండును. చెఱువుకోమటి, మఱ్ఱిదొడ్డి, వాగుగట్టు అను పేర్లు గల పొలములు మీ గ్రామములోను ఉండవచ్చును. చెఱువు పూడిపోయి, మఱ్ఱి కూలిపోయి, పేరు మాత్రము మిగిలియుండవచ్చును. మనమనుమలు ఆ పేర్లను అర్థములేని శబ్దములుగా పలుకుచున్నారు. తప్పు వారిదికాదు, చెప్పవలసిన మనదే. నేను చదివిన శాస్త్రములో శబ్దమునకు అర్థమునకు సంబంధము నిత్యమని చెప్పుదురు. నేలవిషయమున మాత్రము ఆ సంబంధమును నిత్యముగా నుంచవలసినవారము మనమే.

అందుచేత రెండు మనవులు. గ్రామసభలో ఏదేని నేలను పట్టాకిచ్చుటకో, చెఱువు త్రవ్వుటకో, ఇసుక యెత్తుటకో మాట వచ్చినప్పుడు మీరు లేచి, “దాని పేరేమి? ఆ పేరు ఎందుకు వచ్చెను?” అని యడుగుడు. బంజరు అను మాటను జవాబుగా అంగీకరింపకుడు. అది దొర పెట్టిన పేరు గాని తాత పెట్టినది కాదు. రెండవది, ఒక సెలవునాడు మనుమని చేయిపట్టుకొని ఊరిపొలిమేరలు త్రిప్పి, ఒక్కొక్కచోటి పేరును దాని కారణముతో చెప్పుడు. పొలిమేర చివర నీరున్నచో పోటునకు ఎంతవఱకు వచ్చునో, పాటునకు ఎచటికి పోవునో చూపుడు.

నన్ను పడవ యెక్కించిన ఆ పెద్ద నేడు లేడు. వెనుకబల్లపై కూర్చున్న ఆ పిల్లవాడు నడివయసువాడై, నాటిన మడకు కాలువలు తీయు సంఘములో పనిచేయుచున్నాడు. నేను ఉద్యోగము విరమించిన పిదప నొకసారి చూడబోగా, తానును నన్ను పడవ యెక్కించెను. పదియేండ్ల క్రిందట బయలుగానున్న యొక పళ్ళెపునేలలో మనిషియెత్తు తెల్లమడ లేచియుండెను. “ఈ చోటికి పేరేమిరా?” అని యడిగితిని. “ఇంకా పెట్టలేదండి మాస్టారూ, పిల్లలు మాత్రం కొత్తమడ అంటున్నారు” అనెను.

దివిసీమ శాసనమున పదియవ మాట యిప్పుడు వ్రాయబడుచున్నది. దానిని చెరపకుండ కాపాడుదము.

సెలవు. స్వస్తి.